మిలటరీ మాధవరపు పెద్దలు

పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెమునకు చేరువనున్న మాధవరమును మిలటరీ మాధవరమని పిలుచుట ఆ ప్రాంతమువారికి వాడుక. రెండు ప్రపంచ సంగ్రామములకును యువకులను పంపి, స్వాతంత్ర్యానంతరము జరిగిన యుద్ధములలోను తన బిడ్డలను నిలిపిన ఆ గ్రామమున, వయసు మీరిన సైనికులతో ఒక పూట గడుపవలెనను కోరికతో నేనక్కడికి పోయితిని. పచ్చని చేలను చూచి తక్కిన గోదావరి పల్లెలవంటిదే యనుకొనుచుండగా, సైనికుల స్మారకస్తంభము కంటబడి, ఈ పచ్చదనమును విడిచి ఎడారులకును మంచుకొండలకును పోయినవారి యూరిలో నిలిచియున్నానను స్పృహ కలిగించెను.

అరుగుమీద కూర్చుండియున్న నలువురు పెద్దలలో లదాఖు దారులలో లారీ నడిపినవారొకరు, సిగ్నల్ దళమున పనిచేసినవారొకరు. ఎవరిని కదిపినను పక్కవారిని చూపి, “ఆయన్నడగండి, యుద్ధం చూసినాయన ఆయనే” అనుటయే గాని తన కథ నెత్తుకొనువారు లేరు. అట్లు ఒకరినుండి యొకరికి సాగిన నా ప్రశ్న తుదకు 1971 పాకిస్తాను యుద్ధకాలమున మద్రాసు ఇంజనీర్ల దళమున సిపాయిగానుండిన ఒక వృద్ధుని చేరినది.

షకర్‌గఢ్ ప్రాంతమున డిసెంబరు 15 రాత్రి మన పదాతిదళము బసంతర్ నదిని దాటి ఆవలి గట్టున నిలిచెను. కాని మన టాంకులు తోడురానిదే, తెల్లవారిన పిమ్మట శత్రువుల టాంకులయెదుట అది నిలువజాలదు. నడుమ పరచుకొనియున్నవి మందుపాతరలు. గుండ్లు పడుచున్న ఆ చీకటిలో వానిని తొలగించి దారి తీయుట ఇంజనీర్ల పని. కమ్మితో నేలను ఏటవాలుగా పొడిచి చూచుట, గట్టిగా తగిలినచోట వ్రేళ్లతో మట్టి తీయుట, తీసినంతమేర తెల్లని నాడా పరచుట: వీనినెల్ల ఆయన, నారు నాటుట నేర్పు రైతువలె, నెమ్మదిగా వివరించెను.

“భయము వేయలేదా బాబాయిగారూ?” అని అడిగితిని.

“ఎందుకెయ్యదండీ? అవతలి గట్టున మనోళ్లున్నారు కదండీ. టాంకులెళ్లకపోతే వాళ్లేమైపోతారు?”

దారి పూర్తిగ సిద్ధము కాకమునుపే టాంకులు ఆ పాతరల నడుమనుండియే సాగిపోయెను. ఇది చెప్పునప్పుడు మాత్రము ఆయన స్వరము హెచ్చినది. తన్నుగూర్చి గాదు, మరునాటి పోరులో ఇరువదియొకటవ యేట ప్రాణములర్పించి పరమవీరచక్ర పొందిన సెకండ్ లెఫ్టినెంటు అరుణ్ ఖేతర్‌పాల్‌ను గూర్చి. “మా పని అవకుండానే వెళ్లిపోయారండీ వాళ్లు. ధైర్యమంటే అదీ.” ఆ మరునాటి పోరు జరిగిన దినముననే ఢాకాలో పాకిస్తాను సేన లొంగిపోయెను.

వినయమును ధైర్యమునకు అలంకారముగ మనము పొగడుదుము. ఆ అరుగుమీద వినినకొలది నాకు తోచినదేమనగా, ఆ రెండును ఒకే అభ్యాసమునుండి పుట్టినవి: తన ప్రాణముకంటె ఆవలి గట్టువాని ప్రాణమును ముందు లెక్కించుట. దానికి అలవడిన మనస్సు, అర్ధశతాబ్ది గడచిన పిమ్మట కథ చెప్పునప్పుడైనను, తన్ను ముందు నిలుపుకొనజాలదు. కనుక వీరి చరిత్ర తెలియగోరువారు ఒకరిని గూర్చి మఱియొకరిని అడుగవలెను. ఆ రాత్రి ఆయన వెనుకకు మోసికొనివచ్చిన క్షతగాత్రుని సంగతి, ఆయన లోనికి పోయినపుడు, నాకు చెప్పినది లారీ నడిపిన పెద్దమనిషియే. ప్రతి నవంబరులోను పింఛనుకై తాము జీవించియున్నట్లు ధ్రువపత్రమిచ్చుటకు నలువురును కలిసియే పోవుదురట.

సాయంకాలము, సైన్యమున చేరగోరు కుర్రవాండ్రు 1600 మీటర్ల పరుగు అభ్యసింపవచ్చిరి. ఇంజనీర్ల దళపు ఆ వృద్ధుడు గడియారము చూచుచు ఒక్కొక్కరి కాలమును బిగ్గరగా చెప్పి, తుదకు వారిని దగ్గరకు పిలిచెను.

“పరుగు బానే ఉందిరా. లెక్కలు చూసుకోండి. రాతపరీక్షలో పోతున్నారు మీరు.”