రెండున్నర గంటల పగలు

మాది బేతంచెర్ల. బండల ఊరు. ఇప్పుడు నంద్యాల జిల్లా అంటున్నారు గానీ నా నోటికి ఇంకా కర్నూలు జిల్లా అనే వస్తుంది. నాపబండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీల నుంచి వచ్చే తెల్లటి బురద ఎండి పొడై, వేపచెట్ల మీదా ఇళ్ల మీదా మా అమ్మ జుట్టు మీదా ఒకేలా పడేది. అమ్మ 16 ఏళ్లు అక్కడ బండలు మోసింది. ఆ కూలితోనే నేను హైదరాబాదు వెళ్లి, సీమ కథల్లో స్త్రీల శ్రమ మీద పిహెచ్.డి. చేశాను. ఇప్పుడు ఫిన్లాండులో, హెల్సింకి పక్కన ఎస్పోలో ఉంటున్నాను. భర్త ఉద్యోగం వెంట వచ్చాను. కాగితాల్లో నా హోదా అంతే.

మొన్న డిసెంబరులో నాలుగు తెలుగు కుటుంబాలం కలిసి శని, ఆదివారాలకి రొవానియెమి వెళ్లాం. శుక్రవారం రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి (తెల్లారడం అన్న మాట అక్కడ చెల్లదు) ఉత్తర ధ్రువవృత్తం దగ్గర దిగుతాం. 1944లో వెనక్కి మళ్లుతున్న జర్మన్ సైన్యం దాదాపు మొత్తం తగలబెట్టిపోయిన ఊరది. యుద్ధం తర్వాత ఆల్వార్ ఆల్టో అనే వాస్తుశిల్పి రెయిన్‌డీర్ కొమ్ముల ఆకారంలో వీధులు గీసి కొత్త ప్లాను ఇచ్చాడు. రైల్లో నేనిదంతా ఉత్సాహంగా చెబుతుంటే ఒకాయన నవ్వి "మేడమ్ గారు క్లాసు మొదలుపెట్టారు" అన్నాడు. ఊరుకున్నాను.

డిసెంబరు నడిమధ్యలో అక్కడ సూర్యుడు 11 గంటలకి వచ్చి ఒకటిన్నరలోపే వెళ్లిపోతాడు. అద్దెకి తీసుకున్న చెక్క ఇంట్లో సామాన్లు దించగానే మగవాళ్లూ పిల్లలూ మంచులోకి పరిగెత్తారు. మేం నలుగురం కుక్కర్ బయటికి తీశాం. ఎస్పో నుంచి మోసుకొచ్చిన బియ్యం, కందిపప్పు, చింతపండు, గోంగూర పచ్చడి. 11 మందికి వండాలి. వండమని మాకెవరూ చెప్పలేదు, అదే విచిత్రం! కిటికీ అద్దానికి ఆవిరి పట్టి బయట ఏమీ కనిపించలేదు. ఉల్లిపాయలు తరుగుతూ బాగా నవ్వుకున్నాం కూడా. ఆ నవ్వు అబద్ధం కాదు. పప్పు తాలింపు పెట్టి, చేతులు తుడుచుకుని తలుపు తీసేసరికి బయట నీలిచీకటి. పగలు అయిపోయింది.

1906లో యూరప్‌లో అందరికంటే ముందు ఆడవాళ్లకి ఓటు హక్కు వచ్చిన నేల ఇది. మరుసటి ఏడు ఎన్నికల్లో 19 మంది స్త్రీలు పార్లమెంటుకి గెలిచారు. ఈ విషయం నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. నా థీసిస్‌లో రెండో అధ్యాయం మొత్తం వంటింటి చాకిరీ మీదే. అందుకేనేమో, కోపం కంటే సిగ్గే ఎక్కువేసింది.

రాత్రి పడుకునే ముందు "రేపు వంట వద్దు, బ్రెడ్డు తిందాం, వెలుతురు ఉన్నంతసేపూ బయటే ఉందాం" అన్నాను. ఇద్దరు వెంటనే సరేనన్నారు. మూడో అక్క మాట్లాడలేదు. ఆవిడ పెద్ద ఉద్యోగం చేస్తుంది, జీతం భర్త కంటే ఎక్కువ. కాసేపాగి "అన్నం లేకపోతే మా ఆయన మొహం మాడ్చుకుంటారమ్మా. ఆ మొహం పక్కన పెట్టుకుని నేను మంచు చూడలేను" అంది. నాకు జవాబు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. ఆదివారం ఆవిడ లోపలే ఉండిపోయింది. మేం ముగ్గురం బూట్లు వేసుకుంటుంటే మా కోసం ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చింది. అది తీసుకుని వెళ్లాం.

గడ్డకట్టిన సరస్సు మీద నడిచాం. మైనస్ 18 డిగ్రీలు. కనురెప్పల వెంట్రుకలు అతుక్కుపోతున్నాయి. అడుగు వేస్తే మంచు కరకరమంటోంది. నడిమధ్యకి వెళ్లి వెల్లకిలా పడుకున్నాను. బిందె పట్టుకుని నీళ్ల ట్యాంకరు వెంట పరిగెత్తిన దాన్ని, నీళ్ల మీద పడుకున్నాను! దక్షిణాన అడవి అంచుకి అంటిపెట్టుకుని సూర్యుడు, పైకి రాకుండా, ఎర్రగా.

అమ్మకి వీడియో కాల్ చేశాను. ఊళ్లో అప్పుడు మధ్యాహ్నం మూడున్నర. ఫోను చుట్టూ తిప్పి చూపించాను. అమ్మ కాసేపు చూసింది, దగ్గింది.

"పాలిష్ ఫ్యాక్టరీ కాడ మాదిరే ఉందే. మూతికి గుడ్డ కట్టుకో."

"దుమ్ము కాదమ్మా, నీళ్లే" అన్నాను. నమ్మినట్టు లేదు.

"అన్నం తిన్యావా? ఎవురు వండినారు?"

"నేనే" అన్నాను.