పేరు మార్చుకొనని బాలిక

పదవ తరగతి పరీక్షకు దరఖాస్తులు నింపు దినములలో మా గది ముందు తలిదండ్రుల రాకపోకలు హెచ్చుగా నుండును. పుట్టిన తేది సరిచూచుకొనువారు కొందరు; తల్లి పేరు తప్పుగా వ్రాయబడినదని వచ్చువారు కొందరు. ఒకమారు ధ్రువపత్రమున కెక్కిన పేరు జీవితాంతము వెంట వచ్చునని వారెరుగుదురు. అట్టి యొక మధ్యాహ్నమున మా విద్యార్థిని యొకతె తండ్రితో కూడ వచ్చి నిలిచెను.

“సారూ, పిల్ల ఇంటిపేరు చిన్నగ చేద్దామనుకుంటున్నం. ఇక్కడోళ్ల పేరు లెక్క వినపడాలె” అని ఆ తండ్రి మెల్లగా చెప్పెను. కారణ మడిగితిమి. ఆయన పెద్ద కుమారుడు రెండేండ్ల క్రిందట తెలుగు పాఠశాల విడిచి మరాఠీవారి నడుమ చదువుటకు కళాశాలకు వెళ్లెనట. మొదటి దినమున హాజరు పిలుచునప్పుడు ఆ పొడవైన తెలుగు ఇంటిపేరు పిలుచువారి నోట తిరుగక ముక్కలయ్యెను. తరగతి యంతయు నవ్వెను. ఆనాటినుండి ఆ బాలుడు తన పూర్తి పేరు చెప్పుట మానెను. “వాడు పడ్డ బాధ బిడ్డ పడొద్దు” అనునది తండ్రి మాట. బాలిక మాత్రము నేలవైపు చూచుచుండెను. రేపు మాటలాడుదమని చెప్పి వారిని పంపితిమి.

ఆ రాత్రి మాకు చాలసేపు నిద్ర పట్టలేదు. ఏలయన, మేమును యౌవనమున అట్టి పని చేసినవారమే. క్రొత్తగా ఉద్యోగమున చేరిన దినములలో ఇంటిపేరులో రెండక్షరములు మాత్రము మిగిల్చి తక్కినవి కొట్టివేసి, ఆ పొట్టి పేరుతోనే స్నేహితులకు పరిచయమైతిమి. ఒకనాడు స్నేహితుడొకడు ఆ పేరున ఇంటికి ఉత్తరము వ్రాసెను. తపాలా జవాను వచ్చి పిలువగా మా తండ్రిగారు కవరు చూచి, ఈ పేరుగలవారు మా ఇంట లేరని చెప్పి పంపివేసిరి. సంగతి తరువాత తెలిసినపు డాయన కోపింపలేదు. “నీవని తెలియలేదురా” అని మాత్రము అనిరి. ఆ మాట నేటికిని మా చెవులలో నున్నది.

అట్లు ఆలోచించుచుండగా ఒక దృశ్యము స్మృతికి వచ్చెను. 2023 అక్టోబరు 17వ తేదీన ఢిల్లీలో భారత రాష్ట్రపతి శ్రీమతి ద్రౌపదీ ముర్ముగారి చేతులమీదుగా దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము నందుకొనిన వృద్ధ నటీమణి దృశ్యమది. అప్పుడామెకు ఎనుబదియైదేండ్లు. వేదికపైనుండి పిలిచిన పేరు వహీదా రెహమాన్. అది ఆమె తలిదండ్రులు పెట్టిన పేరే. ఆ పేరును నిలుపుకొనుటకు ఆమె పదునేడేండ్ల ప్రాయమున ఒక చిన్న యుద్ధమే చేసెను. ఆ యుద్ధమునకు ముందు ఆమె నడచిన త్రోవలో మన తెలుగునకు పెద్ద పాలు కలదు. నాందేడు విద్యార్థులు ఆ కథ నెరుగుట మంచిది.

ఆమె హైదరాబాదున పుట్టినదని పలువురు వ్రాసిరి. అది పొరపాటు. 1938లో తమిళదేశమందలి చెంగల్పట్టున ఆమె జన్మించెను. ఇంటి భాష ఉర్దూ. తండ్రి ప్రభుత్వోద్యోగి యగుటచే బదిలీల వెంబడి కుటుంబము ఊరూరు తిరిగెను. బాల్యమున కొంతకాలము విశాఖపట్టణమున కాన్వెంటు పాఠశాలలో ఆమె చదివెను. అక్కచెల్లెండ్రతో పాటు భరతనాట్యమును అభ్యసించెను. ఇంట నొక భాష, వీధిలో నొక భాష, బడిలో మరియొక భాష. ఇది మన పిల్లలకు వింతగా తోచదు. నాందేడులో తెలుగు పిల్లవాడు ఇంట తెలుగును, అంగడిలో మరాఠీని, పొరుగింట దక్కనీ ఉర్దూను, సినిమాలో హిందీని వినుచునే పెరుగుచున్నాడు గదా!

చిన్ననాటనే ఆమెకు తండ్రి గతించెను. పిమ్మట నాట్యము తెలిసిన బాలికయని విని, కుటుంబమునకు పరిచితుడైన నిర్మాత సి. వి. ఆర్. ప్రసాదుగారు తమ తెలుగు చిత్రమున ఒక నృత్యము చేయుమని కోరిరి. అదియే తాపీ చాణక్యగారి దర్శకత్వమున 1955 ఏప్రిల్‌లో విడుదలయైన “రోజులు మారాయి”. అక్కినేని నాగేశ్వరరావు, షావుకారు జానకి అందు నాయికానాయకులు. భూస్వామికిని రైతులకును నడుమ జరుగు పోరాటము ఇతివృత్తము. అందులో ఏరువాక పాట యొకటి కలదు. వ్రాసినవారు కొసరాజు రాఘవయ్యచౌదరిగారు, స్వరములు కూర్చినవారు మాస్టర్ వేణుగారు, పాడినది జిక్కి, ఆడినది వహీదా.

ఏరువాక యనగా తొలకరి వానల వేళ నాగలి పూన్చు పండుగ. జ్యేష్ఠ పూర్ణిమనాడు తెలుగు రైతు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, పొలమునకు తోలుకొనిపోవును. మన నాందేడు పల్లెలలో శ్రావణ మాసాంతమున జరుగు పోళా పండుగను చూచినవారికి దీనిని వేరుగా వివరింప నక్కరలేదు. ఇట్టి పండుగ పాటకు, సేద్యపు పనితో సంబంధమే లేని ఉద్యోగి ఇంటి బిడ్డ, ఉర్దూ మాటలాడు బాలిక, అడుగులు వేసెను. తెలుగు ప్రేక్షకులు ఆమెను తమ పల్లె పడుచుగనే స్వీకరించిరి. ఆమె పేరు మహమ్మదీయ నామమని గాని, నోరు తిరుగదని గాని ఎవరును అనలేదు. ఆ పాటకొరకే చిత్రమును మరల మరల చూచినవారు కలరు. అదే సంవత్సరము అక్టోబరులో ఎన్. టి. రామారావుగారి స్వంత సంస్థ తీసిన “జయసింహ”లో ఆమె మాటలు గల పాత్రను ధరించెను. “రోజులు మారాయి”ని మరుసటి సంవత్సరము తమిళమున తీసినపుడు అందును ఆమెయే నర్తించెను.

చిత్రము విజయవంతమైన పిమ్మట నటవర్గము ఊరూర ప్రేక్షకులకు కనబడుచు హైదరాబాదు చేరెను. అప్పుడే బొంబాయి దర్శకుడు గురుదత్తు ఆ నగరమునకు వచ్చియుండెను. తెలుగు చిత్రము “మిస్సమ్మ”ను చూచి హిందీలో తీయవచ్చునా యని పరిశీలించుట ఆయన రాకకు కారణము. ఒక పంపిణీదారుని కార్యాలయమున కూర్చుండగా వీధిలో జనకోలాహలము వినబడెను. కారు చుట్టును జనము మూగియుండిరి. ఒకే పాటకు ఆడిన బాలికకొరకు ఇంత గుంపా యని ఆయన ఆశ్చర్యపడెను. ఆమె ఉర్దూ మాటలాడునని విని చూడగోరెను. తల్లితో కూడ వచ్చిన ఆ బాలిక అడిగిన ప్రశ్నలకు పొడిపొడిగా బదులు చెప్పి వెడలిపోయెను. కొన్ని నెలలకు బొంబాయినుండి పిలుపు వచ్చెను.

ఇచ్చట ఒక విషయము గుర్తుంచుకొనవలెను. తెలుగు చిత్రము ఆమెకు జనాదరము నిచ్చెను. ఉర్దూ పరిజ్ఞానము హిందీ చిత్రసీమ ద్వారము తెరచెను. ఒక భాష మరియొక భాషకు అడ్డు రాలేదు.

బొంబాయిలో ఒప్పందపు కాగితములు ముందుంచినపుడు అసలు చిక్కు వచ్చెను. తీయదలచిన చిత్రము “సి. ఐ. డి.”, నిర్మాత గురుదత్తు, దర్శకుడు రాజ్ ఖోస్లా. పేరు మిక్కిలి పొడవుగా నున్నది, ఆకర్షణ లేదు, మార్చవలెనని ఖోస్లా చెప్పెను. అది ఆ రంగమున వాడుకయే. యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యెను. మహజబీన్ మీనాకుమారి అయ్యెను. ముంతాజ్ మధుబాల అయ్యెను. అంతటివారు మార్చుకొనగా నీకేమి అడ్డు అనుట సహజమే. ఆ బాలిక ఒప్పుకొనలేదు. తలిదండ్రులిచ్చిన పేరును విడువనని చెప్పెను. అంతటితో నాగక, తనకు తగవని తోచిన దుస్తులు ధరింపనని కూడ ఒప్పందమున వ్రాయింపగోరెను. వయస్సు చాలనందున సంతకము చేయవలసినది తల్లి. కాని షరతులు చెప్పినది కూతురు. పెద్దలు కొన్ని దినములు ఆలోచించి తుదకు అంగీకరించిరి. “వహీదా” యనగా అరబ్బీలో సాటిలేనిది యని అర్థము. అట్టి పేరును ఆమె విడువకుండుట సముచితముగనే యున్నది.

1956లో “సి. ఐ. డి.” వచ్చెను. అందామె నాయిక కాదు, నాయిక షకీలా. మరుసటి యేడు “ప్యాసా”లో గులాబ్ పాత్ర వచ్చెను. దేశమంతయు ఆమెను గుర్తించెను. పిమ్మట 1959లో “కాగజ్ కే ఫూల్”, 1965లో “గైడ్”. మన పెద్దలు కొందరు వీనిని వెండితెరపై చూచినవారే. హిందీలో శిఖరమెక్కిన పిదపగూడ ఆమె తెలుగును మరువలేదు. 1974లో “బంగారు కలలు”లోను, 1986లో “సింహాసనం”లోను నటించెను.

ఈ కథకు ప్రక్కగా మన నాందేడు కథయు నడచినది. “రోజులు మారాయి” విడుదలనాటికి నాందేడు హైదరాబాదు రాష్ట్రములోని జిల్లా. ఆ బాలిక హైదరాబాదునుండి బొంబాయికి పోయి “సి. ఐ. డి.”లో కనబడిన 1956లోనే, నవంబరు 1వ తేదీన, మన జిల్లాయు హైదరాబాదును విడిచి బొంబాయి రాష్ట్రమున చేరెను. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడెను. మన తాతలు ఊరు కదలకయే రాజధాని మారినది. ఆమె ఎదుర్కొనిన ప్రశ్నయే నాటినుండి మన ఇండ్లలోను వినబడుచున్నది: క్రొత్తచోట మన పేరు చెల్లునా?

మరియొక సంగతి. 1960లో అదే రాజ్ ఖోస్లా “బంబయి కా బాబు” అను హిందీ చిత్రమును తీసెను. దానికి సంగీతము కూర్చిన ఎస్. డి. బర్మన్ గారు ఏరువాక పాట బాణీని అందొక పాటకు వాడిరి. ఆ పాట దేశమంతట మ్రోగినది. కాని విన్నవారిలో ఆ బాణీ తెలుగుదని ఎందరెరుగుదురు? ఒకే పాటనుండి రెండు బొంబాయికి పోయినవి: ఒకటి బాణీ, రెండవది బాలిక. బాణీ పేరులేక పోయెను. బాలిక పేరుతో పోయెను. కావుననే మనము నేడు ఆమె త్రోవను వెనుకకు పోయి, తెలుగు వాకిటివరకు చేరగలుగుచున్నాము.

మరునాడు తండ్రియు బిడ్డయు వచ్చిరి. ఈ కథ యంతయు చెప్పితిమి. తండ్రి విని, “ఆమె పెద్ద మనిషి సారూ, చెల్లింది. మేము పేదోళ్లం” అనెను. ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని కాదనిననాడు ఆమె పెద్ద మనిషి కాదు. తండ్రి లేని పిల్ల; చేసినవి ఒకటి రెండు చిత్రములు; వచ్చినది చిన్న వేషము; పేరు మార్చుమన్నవారే పని యిచ్చువారు. ఇది చెప్పగా ఆయన ఊరకుండెను.

పేరు మార్చుకొనుట పాపమని మేము చెప్పలేదు. దిలీప్ కుమార్, మీనాకుమారి తక్కువవారు కారు. పేరు కాలముతో అరుగుటయు సహజమే. మన బజారు దుకాణముల పలకలపై “వార్” అని ముగియు ఇంటిపేర్లు ఎన్నియో కలవు. అది మన “వారు” శబ్దమే. మరాఠీ నాలుకపై తుది అచ్చు జారిపోయినది. ఆ కుటుంబములలో తెలుగు మరచినవారును కలరు. ఐనను పేరు తమ మొదలును చెప్పుచునే యున్నది. తరముల వాడుకలో అరుగుట వేరు, సిగ్గుచే ఒక్కనాట మన చేతితో కొట్టివేయుట వేరు. ఇంత చెప్పి, మా తండ్రిగారు త్రిప్పి పంపిన ఉత్తరపు సంగతియు దాచక చెప్పితిమి.

అప్పటివరకు మాటలాడని బాలిక, “అన్నకు నవ్వినట్టు నాకు కూడ నవ్వితే?” అని అడిగెను. “నవ్వుదురేమో నమ్మా. లేచి నిలిచి, పేరును మెల్లగా మరియొకమారు చెప్పుము. చక్కని మరాఠీలో చెప్పుము. వారి భాషను నీవు బాగుగా నేర్చినచో, నీ పేరును వారు నేర్తురు” అంటిమి. ఆమె తండ్రివైపు చూచెను. ఆయన తల యూపెను. దరఖాస్తులో నాగరిలిపిని ఆ ఇంటిపేరు గడి చాలక అంచువరకు పోయినది. ఐనను ఒక్క అక్షరమును విడువక వ్రాసెను.

ఆమె అన్న సంగతి మాకు తెలియదు. ఈ పత్రిక ఆ ఇంటికి పోవును గనుక అతడును చదువునని ఆశించుచున్నాము.

విద్యార్థులారా! రాబోవు సంచికకు కథలు, పద్యములు, వ్యాసములు పంపుడు. ఇంతవరకు మీలో పలువురు వ్రాత క్రింద పొడి అక్షరములే వేయుచున్నారు. ఇకమీదట ఇంటిపేరుతో కూడ పూర్తి పేరు వ్రాయుడు. ఎంత పొడవైనను అచ్చు వేయుదుము.