అత్తయ్య పెట్టెకో విడికుసి

ఆడవాళ్ళకి బంగారమంటే ప్రాణమని అందరూ అంటారు గాని, నన్నడిగితే తాళం ఉన్న సొరుగంటే అంతకన్నా ప్రాణం అంటాను. ఇల్లు మావారి పేర, బ్యాంకు ఖాతా ఇద్దరి పేర, సొరుగొక్కటే మన పేర!

పాతబస్తీలో గౌలిపురాలో మా ఇల్లు. అత్తయ్యకి టేకుపెట్టె ఒకటుంది. నడుమెత్తు, మూడు సొరుగులు. ఎనభై దాటిన మనిషి, చూపు ఆనదు. ఆ పెట్టె ముందు కూర్చుంటే మాత్రం ఆవిడకి కళ్ళక్కర్లేదు. పై సొరుగులో మందులు, మధ్యదాంట్లో మామయ్యగారి కళ్ళజోడూ పింఛను కాగితాలూ. అడుగుదాంట్లో ఏముందో ఇన్నేళ్ళొచ్చినా నాకు తెలీదు. అంచు నుంచి జానెడు జరిగితే తాళం, బెత్తెడు దిగితే పిడి. అంతా వేళ్ళ లెక్క.

మొన్న వానాకాలం పై సొరుగు బిగిసింది. చెమ్మకి చెక్క అడ్డంగా ఉబ్బుతుంది. పొడుగు మాత్రం దాదాపు పెరగదు. మావాడు బలమంతా పెట్టి లాగాడు. సొరుగుతోపాటు దాని కింది అడ్డబద్ద కూడా ఊడొచ్చింది! బద్ద చివర నాలుకలా చెక్కిన భాగం పుటుక్కున విరిగి, పక్కకాలి బెజ్జంలో ఉండిపోయింది. ఆ నాలుకనే కుసి అంటారు.

ఒక వడ్రంగిని పిలిస్తే, కొత్త కుసి చెక్కాలంటే బద్ద రెండంగుళాలు పొట్టిదవుతుంది, పెట్టెనే ఆ మేరకి ఇరుకు చేస్తానన్నాడు. కాదంటే మేకులు. "ప్లైవుడ్డుతో కొత్తది చేయిద్దాం లెద్దూ" అన్నారు మావారు. అత్తయ్య ఏమీ అనలేదు. ఆ రాత్రి ఊడిన సొరుగుని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. రెండంగుళాలు మనకి లెక్క కాదు. ఆవిడ వేళ్ళకి?

మర్నాడు పురానీ హవేలీ దగ్గర సందులో ఉన్న ముసలి మేస్త్రీ కోసం నేనే వెళ్ళాను. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా ఉన్నది ఆ హవేలీలోనే. 176 అడుగుల పొడుగు, రెండంతస్తులు, పైకెళ్ళడానికి చేత్తో తిప్పే లిఫ్టు! వేసిన బట్ట మళ్ళీ వేసేవాడు కాదని చెప్పుకుంటారు. 1911లో ఆయన పోయాడు, బీరువా ఉంది.

చాచా వచ్చి బద్దని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీన్ని కొయ్యొద్దమ్మా, దీనికీ ఓ బెజ్జం కొడదాం" అన్నాడు. కాలి బెజ్జంలో ఇరుక్కున్న ముక్కని వేడినీళ్ళతో తడిపి మెల్లిగా పెకలించాడు. పాతకాలం తోలుబంక, మనం వజ్రం అంటాం, చాచా సరేస్ అంటాడు, వేడికీ తడికీ మెత్తబడుతుంది. ఫెవికాల్ అయితే ఇంత మర్యాదగా వదిలేది కాదట. తర్వాత బద్ద చివర నున్నగా కోసి, అదే కొలతతో బెజ్జం తొలిచాడు. విడిగా ఓ టేకు ముక్క తీసి, చెక్క నార పొడుగునా ఉండేట్టు చిత్రిక పట్టాడు. చేత్తో నొక్కితే దిగాలి, తలకిందులు చేస్తే రాలకూడదు. సుత్తితో దిగేసే కుసి బెజ్జాన్ని చీలుస్తుందట. పొడుగు మాత్రం పిసరు తక్కువ, అడుగున బంకకి చోటుండాలిగా!

ఇది చాచా కనిపెట్టింది కాదు లెండి. ఈజిప్టులో ఖుఫూ పిరమిడ్ పక్కన 1954లో బయటపడ్డ పడవ వయసు నాలుగున్నర వేల ఏళ్ళు. దాని పలకల్ని తాళ్ళతో కుట్టి, మధ్య మధ్య ఇలాంటి విడికుసులే పెట్టారు. ఇప్పుడు జర్మనీలో ఓ కంపెనీ ఈ బెజ్జాలు కొట్టే మిషనూ, తయారుగా కోసిన కుసులూ అమ్ముతోంది.

మామూలు అతుకులో ఒక చెక్కని చెక్కి చెక్కి రెండోదాంట్లో ఇమిడ్చేస్తారు. ఏ చెక్కనో పెళ్ళయిన ఆడదానికి నేను చెప్పాలా? విడికుసిలో ఇద్దరికీ చెరో బెజ్జం, ఎవరి పొడుగూ తగ్గదు. ఈ మాట మావారితో అంటే, "రెండు బెజ్జాలంటే రెండు కూళ్ళు" అన్నారు.

చాచా మళ్ళీ వజ్రమే కాచి పూశాడు. ఎప్పటికైనా ఇంకొకడు విప్పాల్సొస్తుందన్నాడు. తాడు చుట్టి, కర్రతో మెలేసి బిగించి, ఒక రోజు ముట్టుకోవద్దన్నాడు.

తాడు విప్పాక అత్తయ్య వచ్చి కూర్చుంది. జానెడు. బెత్తెడు. పై సొరుగు తీసి మూసింది, మధ్యది తీసి మూసింది. అడుగుదాని మీద చెయ్యి వేసి, "అమ్మాయ్, ఆ తలుపు కాస్త దగ్గరికి వేసి వెళ్ళు" అంది.