క్లిప్పుల పళ్ళతో గండికోట దాకా

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ మీదుగా కడపకు సాగే 40వ నంబరు జాతీయ రహదారి వెంట తూర్పు దిక్కున నల్లమల కొండలు నీలిగోడలా కనబడుతూనే ఉంటాయి. పడమట కుందూ నది, దాని ఇరువైపులా నల్లరేగడి భూములు. కర్నూలు-కడప కాలువ నీరు అందిన చోట వరి, అందని చోట శనగ, జొన్న. మా కొత్తపల్లె ఈ ప్రాంతపు పల్లెల్లో ఒకటి. వేసవి సెలవులు వచ్చాయంటే ఇక్కడి కుటుంబాలు సాధారణంగా బంధువుల ఇళ్ళకే పోతాయి. దారిలో చూడదగిన చోటు ఉంటే అదే విహారయాత్ర. గత వేసవిలో మా కుటుంబం కూడా అలాగే బయలుదేరింది. బనగానపల్లె, బెలుం గుహలు చూసుకొని రాత్రికి జమ్మలమడుగులోని బంధువుల ఇంట బస, మరునాడు గండికోట. రెండు రోజుల ప్రయాణం, పదకొండు మంది, అద్దెకు తీసుకున్న తుఫాన్ బండి.

అందరూ సిద్ధమైనా మా తమ్ముని కుమార్తె మాత్రం రానన్నది. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం పూర్తి చేసిన పిల్ల. మూడు నెలల క్రితమే ఆమె పళ్ళకు క్లిప్పులు వేయించారు. పై పళ్ళు ముందుకు పొడుచుకు వచ్చి పెదవులు మూతపడేవి కావు. కింది పళ్ళు ఒకదానిపై ఒకటి ఎక్కి, బ్రష్ అందని సందుల్లో చిగుళ్ళు వాచి రక్తం కారేవి. చికిత్స అవసరమైన సమస్యే అది. అయినా ఆమె అన్న మాట ఇది: "నేను ఇంటి దగ్గరే ఉంటాను బడే అబ్బా. అక్కడ అందరూ నా నోటినే చూస్తారు. ఏమీ తినకపోతే ఎందుకు తినవంటారు. తింటే తీగల్లో ఇరుక్కుంటుంది."

దీనికి తోడు ఇంట్లో పెద్దావిడ, అంటే మా అమ్మ, మొదటి నుంచీ మరో మాట అంటూనే ఉన్నది. "అల్లాహ్ ఇచ్చిన పళ్ళను తీగలతో కట్టి మార్చడం తగునా?" అని. పిల్లకు సిగ్గు ఒకవైపు, ధర్మసందేహం మరొకవైపు. రెండింటినీ తీర్చకుండా ఆమెను బలవంతంగా బండి ఎక్కించడం న్యాయం కాదనిపించింది.

ముందుగా ధర్మసందేహం. అందం కోసం పళ్ళను అరగదీయించి సందులు చేయించుకునే స్త్రీలను దైవప్రవక్త (స) శపించినట్లు అబ్దుల్లాహ్ ఇబ్నె మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్నది. మా అమ్మ మనసులో ఉన్నది ఆ హదీసే. అయితే అందులో 'అందం కోసం' అన్న మాటను ఉలమాలు ప్రత్యేకంగా గమనించారు. సహీహ్ ముస్లింకు వ్యాఖ్యానం రాసిన ఇమామ్ నవవీ (రహ్మ), చికిత్స కోసమో పంటిలోని లోపం కోసమో చేయించుకుంటే దోషం లేదని అక్కడే స్పష్టం చేశారు. అర్ఫజా (రజి) అనే సహాబీ ముక్కు అజ్ఞానకాలంలో కులాబ్ యుద్ధంలో తెగిపోయింది. ఆయన వెండి ముక్కు పెట్టించుకుంటే అది దుర్వాసన పట్టింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టించుకోమన్నారు. మగవారికి బంగారం నిషిద్ధమైనా, అవసరం దృష్ట్యా అనుమతి లభించింది. ఈ హదీసును నమోదు చేసిన ఇమామ్ తిర్మిజీ (రహ్మ), పలువురు పండితులు తమ పళ్ళను బంగారంతో కట్టించుకున్న సంగతిని కూడా ప్రస్తావించారు.

వైద్య చరిత్రను చూసినా ఇది నిన్న మొన్నటి విద్య కాదు. సుమారు వెయ్యేళ్ళ క్రితం కుర్తుబాలో జీవించిన శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం జహ్రావీ తన 'అత్తస్రీఫ్' గ్రంథంలో పళ్ళ గార గీకే పనిముట్ల బొమ్మలు వేశాడు. కదిలే పళ్ళను బంగారు తీగతో గట్టి పళ్ళకు కట్టే విధానాన్నీ, వరుస తప్పి పెరిగిన పంటిని సరిచేసే విధానాన్నీ వివరించాడు. ఇవన్నీ విన్న తరువాత మా అమ్మ కాసేపు మౌనంగా ఉండి, "అయితే వుజూ సంగతేమిటి?" అని అడిగింది. మంచి ప్రశ్నే. వుజూలో నోరు పుక్కిలించడం సున్నత్. గుసుల్‌లో హనఫీ మజ్‌హబ్ ప్రకారం ఫర్జ్. పంటికి అతికించిన క్లిప్పును తీయడం రోగి చేతిలో లేదు గనుక, నోరంతా నీరు తిరిగేలా పుక్కిలిస్తే చాలునని, క్లిప్పు కింద నీరు చేరకపోవడం అడ్డంకి కాదని ఉలమాలు చెబుతారు. తీసి పెట్టుకోగలిగిన పారదర్శకపు అచ్చులైతే తీసి పుక్కిలించాలి.

ఇక ప్రయాణం సంగతి. మనిషిని తిండికీ నీటికీ నిద్రకూ దూరం చేస్తుంది గనుక ప్రయాణం ఒక విధమైన యాతనే అన్న భావం హదీసులో ఉన్నది. అందుకే షరీఅత్ ప్రయాణికునికి నాలుగు రకాతులను రెండు చేసింది. ఆరాధనలోనే ఇంత సౌలభ్యం ఇచ్చినప్పుడు, తోటి ప్రయాణికుని నోటి నొప్పిని గుర్తించి మన ఏర్పాట్లు కొంచెం మార్చుకోవడం మనకు భారమా? బయలుదేరే ముందు మా తమ్ముడు ఆమెను పళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకుపోయాడు. తీగ బిగించిన తరువాత రెండు మూడు రోజులు పళ్ళు సలుపుతాయి గనుక, ఆ పనిని ప్రయాణానికి ఒక వారం ముందే ముగించారు. క్లిప్పులు ఊడలేదని, తీగ కొనలు బయటకు రాలేదని చూపించుకున్నారు. ఒక చిన్న సంచిలో మెత్తని బ్రష్, సందుల్లో దూరే సన్నని బ్రష్, పేస్టు, చిన్న అద్దం, క్లిప్పుల మీద అద్దే మైనం, కాస్త ఉప్పు సర్దుకున్నారు. డాక్టరు ఫోన్ నంబరు ఇద్దరి దగ్గర ఉంచారు. ఇంతే. చేతిరుమాలంత సంచితో ఆ పిల్లకు సగం ధైర్యం వచ్చింది.

మొదటి మజిలీ బనగానపల్లె. ఒకప్పుడు నవాబుల ఏలుబడిలో ఉండి, 1948లో భారతదేశంలో కలిసిన చిన్న సంస్థానం. ఇప్పుడు ఆ ఊరి పేరును లోకమంతా మోస్తున్నది మామిడిపండు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. రోడ్డు పక్క బుట్టల ముందు బండి ఆగగానే పిల్లలందరూ దిగారు, ఆమె దిగలేదు. మామిడి తింటే పీచు తీగల్లో చిక్కుకుంటుందని ఆమె భయం. రసాల విషయంలో ఆ భయం నిజమే. చీకి తినే పండు అది, నిండా పీచు. బనగానపల్లె పండు గుణం వేరు. గట్టి కండ, పీచు లేదు, కత్తితో కోస్తే ముక్కలుగా వస్తుంది. టెంకను కొరకకుండా, చెక్కలు కోసి చిన్న ముక్కలు చేసి ఇస్తే ఆమె హాయిగా తిన్నది. తరువాత సీసాలోని నీటితో పుక్కిలించింది. మామిడి తాండ్రను మాత్రం తానే పక్కకు నెట్టింది. అది పళ్ళకు అంటుకొని క్లిప్పును లాగేస్తుంది.

అక్కడి నుంచి అవుకు మీదుగా కొలిమిగుండ్ల వైపు వెళ్తుంటే రోడ్డుకు ఇరువైపులా నాపరాళ్ళ గనులు, పలకలుగా పేర్చిన బండలు. ఆ సున్నపురాతి నేల కిందనే బెలుం గుహలున్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని ప్రస్తావించాడు. 1982-83లో డేనియల్ గెబవర్ నాయకత్వంలో జర్మన్ బృందం వివరంగా కొలిచింది. 2002లో సందర్శకులకు తెరిచారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో ఒకటిన్నర కిలోమీటరు దాకా మనం నడవవచ్చు. లోపల ఉక్క, చెమట, తడి నేల, పసుపు దీపాలు. సున్నపురాతిని నీరు కరిగించిన చోట దారులైనాయి. కరిగిన సున్నం చుక్కచుక్కగా పేరుకున్న చోట రాతి ఊడలు వేలాడుతున్నాయి.

అక్కడ నిలబడి ఆమె తన డాక్టరు చెప్పిన మాటను మాకు వివరించింది. పంటి మీద తీగ చిన్నపాటి ఒత్తిడిని ఎడతెగకుండా పెడుతుందట. ఒత్తిడి పడిన వైపు దవడ ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది, వెనుక ఖాళీ అయిన వైపు కొత్త ఎముక పేరుకుంటుంది. అలా నెలకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పన్ను జరుగుతుంది. తొందరపడి గట్టిగా లాగితే పంటి వేరు దెబ్బతింటుంది. మా ఆళ్ళగడ్డ శిల్పులు ఉలితో, సుత్తితో రాతిని దారికి తెస్తారు. ఆ దెబ్బలో గొప్ప నేర్పు ఉన్నది. ప్రాణమున్న ఎముక దగ్గర ఆ పద్ధతి చెల్లదు. ఇక్కడ కరగడం, పేరుకోవడం రెండూ కలిసి జరగాలి. ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టే చికిత్స ఎందుకంత నెమ్మదో మా అమ్మకు ఆ గుహలోనే అర్థమైంది. విద్యార్థులకు ఖుర్ఆన్ కంఠస్థం చేయించే ఉపాధ్యాయునిగా నాకు కూడా ఈ లెక్క కొత్తది కాదు. రోజుకు కొన్ని పంక్తులు, పాతవాటి పునశ్చరణ, ఆ పైన కాలం.

రాత్రి జమ్మలమడుగు చేరాము. బంధువుల ఇంట దస్తర్‌ఖాన్ పరచి ఉన్నది. మటన్ నల్లి ఎముకలు, కరకరలాడే జొన్న రొట్టెలు, వేయించిన శనగలు, చెక్కలు. ఇంటావిడ ప్రేమతో వడ్డిస్తూ, "ఇది తిను బేటీ, అది తిను బేటీ" అంటూనే ఉన్నది. ఆ పిల్ల తల దించుకొని కూర్చున్నది. అప్పుడు మా అమ్మ, మొన్నటి దాకా అభ్యంతరం చెప్పిన ఆవిడే, కల్పించుకొని, "దానికి పళ్ళ వైద్యం జరుగుతున్నదమ్మా. మెత్తనిది ఏదైనా పెట్టు" అన్నది. అంతే. పది నిమిషాల్లో వేడివేడి రాగి సంగటి, ఎముక తీసిన మాంసం, గరిటెడు పప్పు ఆమె ముందుకు వచ్చాయి. చిన్న ముద్దలు చేసుకొని కడుపునిండా తిన్నది.

మన అతిథి మర్యాదల్లో ఒక పొరపాటు చాలాకాలంగా సాగుతున్నది. ఎక్కువ తినిపించడమే ప్రేమ అనుకుంటాము. దైవప్రవక్త (స) ఏ భోజనానికీ వంక పెట్టేవారు కాదు, ఇష్టమైతే తినేవారు, లేకుంటే వదిలేసేవారు అని హదీసుల్లో ఉన్నది. అతిథి నేర్చుకోవలసిన పాఠం అది. తినలేని దానిని వంక పెట్టకుండా వదిలేసే స్వేచ్ఛ అతిథికి ఇవ్వడం ఆతిథేయి నేర్చుకోవలసిన పాఠం. షుగర్ ఉన్నవారికి, కట్టుడు పళ్ళ వృద్ధులకు, క్లిప్పుల పిల్లలకు ఒకే నియమం: "నీకు ఏది వీలవుతుంది?" అని ముందుగా అడగాలి. అందరి ముందు "నోరు తెరువు, చూద్దాం" అనడం మర్యాద కాదు.

మరునాడు ఉదయం గండికోట. జమ్మలమడుగు నుంచి దాదాపు 15 కిలోమీటర్లు. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్నా నది పారే లోయ, దాని అంచున ఎర్రరాతి కోట. పెమ్మసాని నాయకుల ఈ కోటను 1650లో గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లా వశపరచుకున్నాడు. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చి అతన్ని కలిశాడు. కోటలో మాధవరాయ ఆలయం, రంగనాథ ఆలయం, జామియా మస్జిద్, ధాన్యాగారం కనబడతాయి. మస్జిద్ ఆవరణలో నిలబడి పిల్లలకు ఈ చరిత్ర చెబుతుండగా ఆమె చేత్తో బుగ్గ పట్టుకున్నది. వెనుక పంటి దగ్గర తీగ కొన జారి లోపల గుచ్చుకుంటున్నది.

కత్తిరించేద్దామని ఒకరు, లాగేద్దామని ఒకరు. ఆమె తండ్రి డాక్టరుకు ఫోన్ చేశాడు. కత్తిరించవద్దు, తెగిన ముక్క గొంతులోకి జారవచ్చు, కొనను తుడిచి ఆరబెట్టి మైనం అద్దండి, ఊరికి వచ్చాక చూస్తాను అన్నారాయన. ఆమె అద్దం తీసి, బియ్యపుగింజంత మైనం వేళ్ళతో నలిపి, తానే అద్దుకున్నది. చిన్న పనే. కానీ పదకొండు మంది మధ్య, పరాయి ఊరిలో, నోరు తెరిచి, తొట్రుపడకుండా తన బాధను తానే చక్కదిద్దుకున్నది. ఆ తరువాత లోయ అంచున, ఇనుప కంచెకు ఇవతల, అందరితో కలిసి ఫోటో దిగేటప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోలేదు.

తల్లిదండ్రులకు నా మనవి. క్లిప్పులు వేయించిన పిల్లలను ఆ రెండేళ్ళూ ఇంటికి, గదికి కట్టిపడేయకండి. డాక్టరు సలహాతో, చిన్న సంచితో, కాస్త ముందుచూపుతో వారిని మీ వెంట తీసుకుపోండి. గట్టివీ, జిగటవీ వద్దని చెప్పండి. తిన్న ప్రతిసారీ నోరు శుభ్రం చేసుకోవడం నేర్పండి. మిస్వాక్‌ను అంతగా ప్రోత్సహించిన ధర్మం మనది. ఆ శుభ్రత క్లిప్పులున్న నోటికి మరింత అవసరం. తీయగల అచ్చులు వాడేవారు భోజనం వేళ వాటిని కాగితంలో చుట్టి పెట్టకుండా డబ్బీలోనే పెట్టాలి. కాగితంతో పాటు చెత్తబుట్టలోకి పోయే వస్తువులు అవి. పెళ్ళీడు పేరుతోనో, నలుగురి మాటల పేరుతోనో వారి నవ్వు మీద వ్యాఖ్యలు చేయకండి. చికిత్స నడుస్తున్న శరీరం దాచవలసిన నేరం కాదు. అల్లాహ్ మన పిల్లలకు ఆరోగ్యాన్నీ సహనాన్నీ, వారి వెంట నడిచే మనకు వివేకాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.