ఫొటోలో ఉన్నది ఏ ఊరి కట్టడం?

పేరు రాయని ప్రయాణపు ఫొటోలో పాత కట్టడం ఏ ఊరిదో తేల్చాలంటే ముందు చూడాల్సింది అది నిలబడిన నేలను. ఉదాహరణకు గోదావరి డెల్టా అంతా ఒండ్రు నేల, చదును. గోల్కొండకు, కొండపల్లికి ఉన్నట్టు అక్కడి మొగల్తూరు కోటకు కొండ లేదు. కాబట్టి కోట వెనక కొండ కనిపించే ఫొటో మొగల్తూరుది కాదు.

రెండో ఆధారం కట్టడం రూపు. పంచారామాలనే అయిదు శివాలయాల్లో ద్రాక్షారామాన్నీ సామర్లకోటనూ పోల్చుకోవడం కష్టం. రెండూ తూర్పు చాళుక్యుల కాలపు భీమేశ్వరాలయాలే, రెండింటా గర్భగుడి రెండంతస్తులే. పాలకొల్లు క్షీరారామాన్ని తొమ్మిదంతస్తుల రాజగోపురం పట్టిస్తుంది. భీమవరం గునుపూడిలోని సోమారామానికి గుడి ముందరి కోనేరే గుర్తు.

మూడోది చుట్టుపక్కల. కొబ్బరి చెట్లు, వరి చేలు, కాలవ గట్టు కనిపిస్తే డెల్టా అని తెలుస్తుంది గానీ ఊరు తేలదు. ఊరిని తేల్చేవి చిన్న వివరాలు: బస్సు నుదుటి బోర్డు, దుకాణం పేరు కింద రాసిన ఊరు, గోడ మీది శిలాఫలకం. ఫొటోను పెద్దది చేసి అంచులు కూడా చూడాలి. ఈ అక్షరాలు ఎక్కువగా మూలల్లోనే దొరుకుతాయి.

ఊరు తేలాక దాని పేరు, తీసిన ఏడాది ఫొటో వెనక రాసిపెట్టాలి. గోపురాల రంగులు మారతాయి, పాత గోడలు కూలతాయి. అప్పుడు ఆ కట్టడం పాత రూపానికి సాక్ష్యంగా మిగిలేది పేరు రాసిన ఆ ఫొటోయే.