బోల్టు కోసం ఆగిన షాట్

మన సినిమాల్లో కారు బాగుచెయ్యడం ఎంత తేలికో మీకు తెలియనిది కాదు. హీరో బానెట్ ఎత్తుతాడు. నాలుగు క్షణాలు వంగి చూస్తాడు. ఏదో తిప్పుతాడు. లేచేసరికి చెంప మీద సరిగ్గా అందంగా కనిపించేంత మసి! హీరోయిన్ చేతిరుమాలు ఇస్తుంది... కారు స్టార్టు, పాట స్టార్టు.

1958లో వచ్చిన 'చల్తీ కా నామ్ గాడీ'లో అయితే గ్యారేజీయే కథకు గుడి. అశోక్ కుమార్, అనూప్ కుమార్, కిశోర్ కుమార్ అన్నదమ్ముల ముగ్గురి గ్యారేజీకి వానలో తడిసిన మధుబాల అర్ధరాత్రి కారు తెచ్చి నిలబెడుతుంది. ఆ కారుకి నిజంగా ఏమొచ్చిందో ఎవరికైనా గుర్తుందా? నాకూ లేదు. అలాంటి రాత్రి కారు సంగతి ఎవడిక్కావాలి!

కానీ పెదబయల్లో ఒక కారుకి ఏమొచ్చిందో నాకు బాగా గుర్తుంది. పాడేరు నుంచి ముంచంగిపుట్టు వెళ్ళే దారిలో ఉంటుందీ ఊరు. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. వలిసె పూలు పసుపు దుప్పటి పరిచినట్టు విచ్చుకునే నవంబరులో అక్కడ ఒక యూనిట్ అవుట్‌డోర్ చేస్తోందంటే, వ్యాసం రాద్దామని వెళ్ళాను. చిత్రం పేరు రాయను, వారూ వద్దన్నారు. ఈ ఏజెన్సీకి కెమెరాలు కొత్తేం కాదనుకోండి. 1974లో వచ్చిన కృష్ణగారి 'అల్లూరి సీతారామరాజు' కోసం చింతపల్లి అడవుల్లో పెద్ద యూనిటే మకాం వేసింది.

ఈ చిత్రం కథ 1970లలో నడుస్తుంది. కనుక ఒక తెల్ల అంబాసిడర్ కావాలి. 1950ల చివర్లో మొదలై 2014లో ఉత్తరపరా ఫ్యాక్టరీలో ఆగిపోయిన బండి అది. ఇప్పుడు నడిచే స్థితిలో దొరకడమే గగనం. మైదానం నుంచి ఒక డ్రైవరు తన సొంత బండితో వచ్చాడు. అరవై దాటిన మనిషి. రోజుకింత అని కిరాయి, పది రోజుల పని. ఆ డబ్బుతో నాలుగు టైర్లూ మార్చి, ఫిట్‌నెస్ చేయించుకోవాలని ఆయన లెక్క. అది కాకపోతే బండి షెడ్డులోకే.

మూడో రోజు బండి కింద నూనె మడుగు. ఘాట్ ఎక్కినప్పుడే ఇంజిన్ వేడెక్కుతోందని ఆయనకి అనుమానం తగిలిందట. క్రాంకు పుల్లీ వెనకాల ఉండే ఆయిల్ సీలు పోయింది. కారిన నూనెని పుల్లీ ఫ్యాన్ బెల్టు మీదికి చిమ్ముతోంది. బెల్టు జారితే నీళ్ళ పంపు సరిగా తిరగదు, డైనమో ఛార్జి చెయ్యదు. చూశారా, రెండు వేళ్ళంత రబ్బరు చక్రం చెడితే బండి మొత్తం మూలపడుతుంది! సీలు మార్చాలంటే రేడియేటరు దింపాలి, పుల్లీ లాగాలి. పుల్లీ రావాలంటే దాని నడినెత్తిన ఉన్న ఆ ఒక్క బోల్టూ ఊడాలి.

అక్కడొచ్చింది చిక్కు.

యూనిట్ కుర్రాళ్ళు రేడియేటరు దింపేసి, పానాకి గొట్టం తొడిగి, ఇద్దరు దాని మీద కూర్చున్నారు. బండి ఊగిందే గాని బోల్టు ఊగలేదు. ప్రొడక్షన్ మేనేజరు గడియారం చూసుకున్నాడు. "రేపు పది గంటలకి బండి ఫ్రేములో ఉండాలి. లేకపోతే వైజాగ్ నుంచి ఇంకోటి వస్తది" అన్నాడు. డ్రైవరు మాట్లాడలేదు. బీడీ వెలిగించి, మళ్ళీ ఆర్పేశాడు.

ఇంతలో ఒక అసిస్టెంటుకి ఐడియా వచ్చింది. పానా బోల్టుకి తగిలించి, గొట్టాన్ని ఛాసిస్‌కి ఆనించి, తాళం తిప్పి స్టార్టరు కొడితే ఇంజినే తన బోల్టుని తనే విప్పుకుంటుందట! లెక్క ప్రకారం తప్పు కాదు, చాలాచోట్ల చేస్తారు కూడా. కానీ పాడేరు నుంచి అప్పుడే దిగిన మేస్త్రి ఆ మాట వినగానే బ్యాటరీ తీగ ఊడదీసి పక్కన పెట్టేశాడు.

"పానా జారిందనుకో బాబూ, ఆ గొట్టం ఎవడి మోకాలికి తగులుద్దో నువ్వు చెప్తావేటి?" అన్నాడు. "బోల్టు తల నాశనమైతే మళ్ళీ వెల్డింగు, ఉలి, గ్యాసు... రేపు కాదు, ఎల్లుండి కూడా అవదు."

నా దృష్టిలో ఆ రోజు లొకేషన్లో దర్శకుడంటే ఆయనే.

ఆయన ముందు అడిగింది పానా కాదు, కిరసనాయిలు, పాత గుడ్డ. పావుగంట బోల్టు చుట్టూ పేరుకున్న గ్రీజు తుడుస్తూనే కూర్చున్నాడు. తుడిచి నన్ను పిలిచి చూపించాడు. బోల్టు కింద ఒక పల్చని రేకు వాషరు. దాని అంచు ఒకటి పైకి మడిచి బోల్టు తలకి ఆనించి ఉంది, వదులవకుండా. కుర్రాళ్ళు ఇంతసేపూ గొళ్ళెం తియ్యకుండా తలుపు తోశారన్నమాట! సన్న ఉలితో ఆ మడత నెమ్మదిగా చదును చేశాడు.

ఇక డ్రైవరు వైపు తిరిగి, "దీనికి తాళం వేసింది నువ్వే కదేటి అన్నా?" అని నవ్వాడు. అంబాసిడర్ పాత మోడళ్ళలో హ్యాండిల్ పెట్టి తిప్పే ఏర్పాటుంది, మీకు తెలుసు. ఆ హ్యాండిల్ పళ్ళు కొరికి పట్టుకునేది సరిగ్గా ఈ బోల్టు తలనే. ముందు నుంచి చూస్తే ఇంజిన్ తిరిగేది గడియారం ముల్లు వైపు, బోల్టు బిగిసేదీ అటే. బ్యాటరీ బలహీనం గనక ఈయన చలి ఉదయాల్లో హ్యాండిలే వాడుతున్నాడు. అంటే ఏళ్ళ తరబడి ప్రతి ఉదయం బండిని లేపుతూ, ఆ బోల్టుని ఇంకొంచెం బిగిస్తూ వచ్చాడు. డ్రైవరు మొహంలో దిగులు పోయి మొదటిసారి నవ్వు కనిపించింది. "నా చెయ్యి అంత గట్టిదా!" అన్నాడు.

ఋత్విక్ ఘటక్ 'అజాంత్రిక్' చూసినవాళ్ళకి ఈ మనిషి కొత్తగా అనిపించడు. 1958 నాటి ఆ బెంగాలీ చిత్రంలో బిమల్ అనే టాక్సీవాలాకి జగద్దల్ అనే పాత డొక్కు కారే లోకం. కాళీ బెనర్జీ వేశాడా పాత్ర. అదీ ఆదివాసుల కొండప్రాంతమే, ఛోటానాగపూర్. అందరూ నవ్వినా బిమల్ దానితో మాట్లాడతాడు, అలుగుతాడు. మన డ్రైవరు మాట్లాడలేదుగాని, మేస్త్రి సుత్తి ఎత్తినప్పుడల్లా బానెట్ మీద చెయ్యి వేసి ఉంచాడు.

సుత్తి ఎందుకంటారా? గొట్టంతో మెల్లగా లాగితే ఆ బలమంతా గేర్ల మధ్య సందులోనూ, టైర్లలోనూ ఇంకిపోతుంది, బోల్టుకి చేరేది కొంతే. సుత్తి దెబ్బకి ఇంకిపోయే వ్యవధి ఉండదు. మరలో పట్టిన తుప్పు పొర అక్కడికక్కడ పగలాలి. చక్రాలకి ముందూ వెనకా బండరాళ్ళు పెట్టించి, బండిని టాప్ గేరులో వేయించాడు. ఫస్టు గేరు కాదు. టాప్‌లో ఇంజిన్ బలం చక్రాల దగ్గర తక్కువగా పెరుగుతుంది కనుక బ్రేకు తేలిగ్గా ఆపగలుగుతుంది. డ్రైవరు లోపల కూర్చుని బ్రేకు తొక్కిపట్టాడు.

ఆరు దెబ్బలు. కదల్లేదు.

మేస్త్రి మాత్రం తొందరపడలేదు. మరలో డీజిలు చుక్కలు వేసి, "రాత్రంతా తాగనీ" అని లేచి చలిమంట దగ్గరికి వెళ్ళిపోయాడు. మేనేజరు ఫోను పట్టుకుని సిగ్నల్ కోసం గట్టు ఎక్కాడు. వైజాగ్‌కి కబురు చేశాడో లేదో నేనడగలేదు. ఆ రాత్రి డ్రైవరు బండి వెనక సీట్లోనే పడుకున్నాడు. చలికి అద్దాలన్నీ తెల్లబారిపోయాయి.

ఉదయం ఏడింటికి పదడుగుల దూరం కనిపించని మంచు. మేస్త్రి ముందు బోల్టు తల మీద నిటారుగా నాలుగు దెబ్బలు కొట్టాడు. తర్వాత పానా పెట్టి, విప్పే వైపు కాకుండా బిగించే వైపు ఒక్క రవ్వ నొక్కాడు! పట్టు ఎటువైపు విడినా విడిచినట్టేనట. అప్పుడు తిప్పి పెట్టి, ఒకటి... రెండు... మూడో దెబ్బకి టక్కుమంది. ఆ శబ్దానికి టీ పోస్తున్న కుర్రాడు కూడా ఇటు తిరిగాడు. తర్వాత పానాతో పని లేదు, వేళ్ళతోనే తిరిగింది.

వెంటనే పుల్లీ లాగాడు. కొత్త సీలు డ్రైవరు సంచిలోనే ఉంది. పాత బండి వాళ్ళు ఇలాంటివి వెంట పెట్టుకునే తిరుగుతారు. వాషరు మాత్రం కొత్తది లేదు. మేస్త్రి పాతదాన్నే వెలుగుకెత్తి తిప్పి చూశాడు. ఒక అంచు ఇంకా మడవకుండా మిగిలి ఉంది. బోల్టు బిగించి ఆ అంచు మడిచాడు.

"ఇదే ఆఖరు మడత అన్నా. మళ్ళీ విప్పేలోగా కొత్తది కొనుక్కో" అన్నాడు. డ్రైవరు సీటు కింద నుంచి హ్యాండిల్ తీసి నా చేతికిచ్చి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, టైర్ల లెక్క కింద వాషరు అని రాసుకున్నాడు.

మేనేజరు గట్టు మీంచే కేకేశాడు... "బండి పంపండి, మంచు విడుతోంది!"