పట్టికలోని పేరు

ఎచ్చెర్లలో నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయము కలదు. అది 2008లో ఏర్పడినది. అంతకు ముందు 1977 నుండి అచ్చట ఆంధ్ర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రము నడచుచుండెను. పరిశోధన యనగానే విద్యార్థుల మనస్సులకు గాజుగొట్టములు, సూక్ష్మదర్శిని తోచును. వాని వెనుక బల్లయొద్ద కూర్చుండి లెక్కలు వ్రాయువాడు ఎవరికిని తోచడు. కాని ఒక చర్మవ్యాధి విషయమున ఆ వ్రాతగాడు లేనియెడల వైద్యుడు చేయగలిగినది స్వల్పము.

ఆ వ్యాధి కుష్ఠు. పేరెత్తుటకు వెరచి జనులు దానిని పెద్దరోగ మనెడివారు. 1951లో వార్ధా కేంద్రముగా గాంధీ మెమోరియల్ లెప్రసీ ఫౌండేషన్ అను సంస్థ ఏర్పడెను. తొలినాళ్లలో అది నెలకొల్పిన కేంద్రములలో నాటి శ్రీకాకుళం జిల్లాయందలి చిలకలపల్లి యొకటి. డాక్టరు వార్డేకర్ గారు రూపొందించిన పద్ధతి ప్రకారము ఇంటింటిని పరీక్షింపవలెను, ప్రజలకు బోధింపవలెను, మందు ఈయవలెను. రోగి వచ్చువరకు వేచియుండక, చికిత్సయే రోగి వాకిటికి పోవలెననుట దాని భావము.

వినుటకిది తేలిక. కాని ఈ వ్యాధి నడక బహు మందము. క్రిమి శరీరమున జొచ్చిన పిదప మచ్చ కనబడుటకు సాధారణముగా ఐదేండ్లు, ఒక్కొక్కప్పుడు ఇరువదియేండ్లు పట్టును. ఈ యేడు నిర్దోషముగా నున్న బాలుని మరల మరల చూడవలెను. పైగా ఈ క్రిమి గాజుగొట్టములో పెరుగదు. కావున దీని పరిశోధనాలయము పల్లెయే. అందలి పరికరము పుస్తకమే.

నార్వే దేశమువారు ఈ సంగతిని ముందే గ్రహించిరి. 1856లో వారు కుష్ఠురోగులందరి పేర్లును నమోదు చేయ మొదలిడిరి. దేశమంతటికిని ఒక వ్యాధి కొరకు ఏర్పడిన మొట్టమొదటి పట్టిక అదియే. ఇది వంశపారంపర్యమని పలువురు పండితులు వాదించు కాలమున, బెర్గెన్ నగర వైద్యుడు హాన్సెన్ ఇది అంటువ్యాధి యని తలచి, 1873లో క్రిమిని కనుగొనెను. ఆయన వాదమునకు సూక్ష్మదర్శినితోపాటు ఆ పట్టికలును తోడైనవి.

మన పల్లెలలో పట్టిక వ్రాయువానికి మొదటి చిక్కు పేరుతోనే వచ్చును. సింహాచలము అప్పన్న పేరిట ప్రతి వీధిలోను ఒక అప్పలస్వామి, ఒక అప్పలనరసమ్మ ఉందురు. ఉత్త "అప్పలస్వామి" యని వ్రాసికొన్నచో మరునెల మందు ఎవరికీయవలెను? ఇంటిపేరు, తండ్రిపేరు, వీధి, వయస్సు, ఏ చేతిమీద మచ్చ, దూదితో తాకిన తెలిసినదా లేదా — అన్నియు ఉండవలెను. కోతలైన పిదప ఆ మనిషి కూలికై వలస పోయినచో ఎచ్చటికి పోయెనో కూడ వ్రాయవలెను. మధ్యలో మానినవానిని వెదకి పట్టుకొననిదే చికిత్స వ్యర్థము.

రెండవ చిక్కు ఇంతకన్న కఠినమైనది. పేరెంత స్పష్టముగా నున్నదో, అంత అపాయము. ఆ పుస్తకము పొరుగువాని కంటబడినచో కుదిరిన సంబంధము తప్పును, నూతివద్ద నీరు దొరకదు. కుష్ఠును విడాకులకు కారణముగా నెన్నిన చట్టములు 2019 వరకును మన దేశమున నుండినవి! కావున పట్టికను తప్పులేక వ్రాయుట ఎంత ముఖ్యమో, బీరువాలో తాళము వేయుటయు అంతియే ముఖ్యము. జీతములు, బండి మరమ్మతులు, మందుల నిలువలు చూచుకొను అధికారి భుజములపైననే ఈ రహస్యమును పడును. ఇట్టి యధికారిని గుమాస్తా యని చులకన చేయువారు ఆ తాళపుచెవి బరువెరుగరు.

పూర్వము డాప్సోన్ మాత్రలు ఏండ్లతరబడి మ్రింగవలసి యుండెను. క్రమేణ క్రిమి దానికి లొంగుట మానినది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు పలు మందులు కలిపి ఇచ్చు పద్ధతిని సూచించిరి. 1980 దశకమున అది ఉత్తర కోస్తా జిల్లాలకును వచ్చినది. అందు నెలకొక మోతాదు కార్యకర్త కన్నులయెదుటనే మ్రింగవలెను. మ్రింగిన పిదపనే గడిలో గుర్తు పడును. నేడు వ్యాధి తీవ్రతనుబట్టి ఆరు నెలలు గాని, పండ్రెండు నెలలు గాని చాలును. 2005 డిసెంబరు నాటికి దేశమున రోగుల సంఖ్య 10,000 మందికి ఒకనికన్న తగ్గినది. క్రొత్తరోగులు ఇప్పటికిని ప్రతి యేట బయటపడుచునే యున్నారు.

చికిత్స ముగిసిన దినమున ఆ పేరు చికిత్సా పట్టికనుండి తొలగింపబడును. కాని చచ్చిన నరములకు స్పర్శ తిరిగి రాకపోవచ్చును. అట్టివాడు ముల్లు గ్రుచ్చుకొన్నను ఎరుగక నడచిపోవును. కావున అతని పేరు వేరొక పట్టికకు ఎక్కును. అందు మందుల గడులు లేవు. మెత్తని రబ్బరు చెప్పుల కొరకు కొలిచిన పాదముల కొలతలు మాత్రము ఉండును.